మల్సున్ మానేసిన మాత్ర

కొరియాలో గున్సాన్ రేవు దగ్గర ఆడవాళ్ళ స్నానశాలలో ఒళ్ళు రుద్దడం మల్సున్ పని. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ఆకుపచ్చ గరుకు తొడుగు చేతికి వేసుకుని, బల్లమీద పడుకున్న మనిషిని మెడ నుంచి మడమల దాకా రుద్దుతుంది. వీపుమీద చప్పున ఒక్కటి చరిచిందంటే ఇటు తిరగమని. ఆవిరిలో మొహాలు ఆనవు. ఆమె మనుషుల్ని ఒళ్ళుబట్టి గుర్తుపట్టేది. ఏ వీపు ఎవరిదో, ఏ మోకాలికి ఎప్పుడు కోత పడిందో ఆమె వేళ్ళకి తెలుసు.

తన ఎడమ రొమ్ములో గడ్డ సంగతి మాత్రం ఆ వేళ్ళకి ఆలస్యంగా తెలిసింది. యాభై ఎనిమిదో ఏట ఒక ఉదయం సబ్బు రాసుకుంటుంటే బఠాణీ గింజంత తగిలింది.

ఆ తరవాతి నెలలు ఆమెకి నీళ్ళ అడుగునుంచి చూసినట్టుగా గడిచాయి. క్యాన్సరని తేలింది, గడ్డ తీశారు. కుట్లు మానాక, ప్యో అనే చిన్న వయసు డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూచోబెట్టుకుంది.

"అమ్మా, గడ్డ ముక్కని పరీక్షించాం. ఈ కణాలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ని పట్టుకుని పెరిగే రకం. కణాల్ని పెంచే హెర్-టూ అనే ప్రొటీన్ ఇంకోటి ఉంటుంది, అది మీకు లేదు."

"లేకపోవడం మంచిదా, చెడ్డదా?"

"మంచీ చెడూ అని కాదమ్మా. ఏ మందు పనిచేస్తుందో ఈ పరీక్షలు చెబుతాయి."

"నాకు నెలసరి ఆగి ఆరేళ్ళయింది కదా. ఇంకా హార్మోన్ ఎక్కడిది?"

"ఒంట్లో కొవ్వు కొంచెం కొంచెంగా తయారుచేస్తూనే ఉంటుంది. రోజుకో మాత్ర వేసుకుంటే ఆ తయారీ ఆగుతుంది. కీమో కూడా కావాలా అన్నది మాత్రం ఇప్పుడే చెప్పలేను. గడ్డలోని జన్యువుల్ని చూసే పరీక్ష ఒకటుంది, దానికి పంపిస్తాను."

ఫలితానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మల్సున్ రేవు ఒడ్డున నడిచింది. పొగమంచులో పడవలు సగం సగం కనబడేవి. తన ఒంటి ముక్క ఒకటి ఎక్కడో తెలియని ఊళ్ళో, తెలియని చేతుల్లో ఉందనుకుంటే వింతగా ఉండేది. ఇన్నేళ్ళు తాను ఊళ్ళోవాళ్ళ ఒళ్ళు చదివింది. ఇప్పుడు ఎవరో తనది చదువుతున్నారు.

జబ్బు తిరగబెట్టే ముప్పు ఎంతో చెప్పే స్కోరు తక్కువ వచ్చింది. కీమో వల్ల ఆమెకి ఒరిగేది దాదాపు ఏమీ లేదన్నది డాక్టరమ్మ. కొన్నాళ్ళు రేడియేషన్, ఆపైన ఐదేళ్ళు మాత్ర. మల్సున్ ఆ రోజు స్నానశాలలో అందరికీ చల్లటి తీపి గంజి తాగించింది.

మాత్ర మొదలుపెట్టి మళ్ళీ పనిలో చేరిన మూడో నెలలో వేళ్ళు పట్టేయడం మొదలైంది. పొద్దున లేచేసరికి పిడికిలి ముడుచుకునేది కాదు. ఎవరి వీపుమీదైనా చరిస్తే దెబ్బ తన మణికట్టుకే తగిలేది. ఒకనాడు కునుకు పడితే కల వచ్చింది: తన పదివేళ్ళూ ఎండుచేపల్లా తాడుకి వేలాడుతున్నాయి, గాలికి గలగలమంటున్నాయి.

"అక్కా, నీ చెయ్యి తేలికైపోయింది. దుమ్ము దులుపుతున్నావా, ఒళ్ళు రుద్దుతున్నావా?" అని స్నానశాల యజమానురాలు దొగిమ్ ఎగతాళి చేసింది.

మల్సున్ నవ్వేసింది. ఇదంతా మాత్ర వల్లే అనుకుని, మర్నాడు మాత్రల అట్ట సాక్సుల సొరుగులో పడేసింది. ఎవరికీ చెప్పలేదు. నెల తిరిగేసరికి వేళ్ళు వదులయ్యాయి. ఆ హాయికి ఆమె తేలిపోయింది. వేడినీళ్ళ తొట్టి, ఆవిరి, పైకప్పునుంచి రాలే చినుకులు, అన్నీ మళ్ళీ తనవే అనిపించాయి. సాక్సుల కోసం సొరుగు తెరిచినప్పుడు మాత్రం ఆ అట్టవైపు చూసేది కాదు.

నో అనే టీచరమ్మ పదకొండేళ్ళుగా ప్రతి గురువారం స్నానానికి వచ్చేది. డెబ్బై నాలుగేళ్ళు. ఆమె కుడి పక్క రొమ్ము లేదు. ఆ మచ్చ చుట్టూ మల్సున్ ఎప్పుడూ మెల్లగా రుద్దేది, ఎప్పుడూ అడగలేదు.

"ఈ వారం నీ చేతిలో బలమొచ్చింది. మాత్ర అలవాటు పడినట్టుంది," అంది టీచరమ్మ కళ్ళు మూసుకునే.

"మానేశాను టీచరమ్మా. వేళ్ళు పనిచెయ్యకపోతే నేనేం తినను?"

ముసలామె తడి బల్లమీద లేచి కూచుంది.

"నా గడ్డక్కూడా ఇవే పరీక్షలు చేశారు. మందుకి పట్టు దొరికేది ఒక్కటీ లేదు. హార్మోన్ లేదు, ఆ హెర్-ఏదో అదీ లేదు. వేసుకుందామంటే నాకు మాత్రే లేదే పిల్లా! జుట్టంతా ఊడి, చేత్తో గోడ పట్టుకుని నడిచి, కీమో ఒక్కటే నమ్ముకుని బతికాను. నీకోసం మందుంటే నువ్వు సాక్సుల కింద దాస్తావా?"

"సాక్సులని మీకెవరు చెప్పారు?"

"ఆడవాళ్ళం ఇంకెక్కడ దాస్తామే?"

మల్సున్‌కి నవ్వొచ్చింది, నవ్వుతుండగానే ఏడుపొచ్చింది. తొడుగు చేతినే మొహానికి అడ్డం పెట్టుకుంది. టీచరమ్మ చెంబుతో గోరువెచ్చటి నీళ్ళు ఆమె భుజాలమీద పోస్తూ కూచుంది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్ళి నిజం చెప్పింది. డాక్టర్ ప్యో కోప్పడుతుందనుకుంది. ఆమె కోప్పడలేదు.

"ఈ మాత్రకి కీళ్ళు పట్టడం మామూలేనమ్మా. చాలామంది చెప్పకుండా మానేస్తారు. వేరేది ఇస్తాను. ఇది హార్మోన్ తయారీని ఆపదు, హార్మోన్ వచ్చి కూచునే చోట ముందే తను కూచుంటుంది. వేళ్ళకి తేలిక. కానీ ఒంట్లోంచి సెగలు పుడతాయి. కింద రక్తం కనబడినా, కాలు వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే రావాలి. మీకు మీరుగా మాత్రం ఆపకండి. ముందు నాతో పోట్లాడండి."

కొత్త మాత్ర ఆమెకి పడింది. వేళ్ళు కొంచెం బిగిసినా పని ఆగలేదు. రోజుకి పదిమందికి బదులు ఆరుగురినే ఒప్పుకుంది. సెగలు మాత్రం చెప్పినట్టే వచ్చాయి. ఒకసారి ఎవరి వీపో సగంలో వదిలేసి చన్నీళ్ళ తొట్టికి పరుగెత్తింది.

"ఆవిరి గది నీ కడుపులోనే ఉందక్కా! ఇక బొగ్గు కొనక్కర్లేదు!" అని దొగిమ్ అరిచింది. గదంతా నవ్వింది.

మల్సున్ ఆ నీళ్ళలో వెల్లకిలా పడుకుంది. చెవులు మునిగాయి. ఆడవాళ్ళ నవ్వులు ఎక్కడో దూరపు ఒడ్డునుంచి వస్తున్నట్టు వినబడ్డాయి. సెగ మెల్లగా పాదాలలోంచి దిగిపోయింది. బల్లమీది మనిషి పిలుస్తోంది. ఇంకొక్క నిమిషం, అనుకుంది.