మేయరు మోసిన సిలువ

రోడెల్‌ను ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు తన్నుతున్నాడు. ఇనుప ముక్కున్న బూటు అది, డొక్కలో దిగినప్పుడల్లా లోపల ఏదో విరిగిన చప్పుడు. "ఆపున్రి! సచ్చిపోతడు!" అని రోడెల్‌తో కలిసి పనిచేసే ధరణి తెలుగులోనే అరిచింది. కెనడాలో, విన్నిపెగ్‌లోని ఆ పందిమాంసం ఫ్యాక్టరీలో ఆమె మాట అర్థమయ్యేది సూపర్‌వైజర్ వీరభద్రరావు ఒక్కడికే. ఆయన గాజుతలుపు అవతల నిలబడి ఫోను చూసుకుంటున్నాడు, మహానుభావుడు!

తన్నుతున్నవాడు ఫోర్‌మన్ నెస్టర్. ఫిలిప్పీన్స్‌లో రోడెల్ ఊరికి మేయరు స్వయానా నెస్టర్ మేనమామ. అత్త వైస్ మేయరు. వాళ్ళ కొడుకు కౌన్సిలరు.

కాసేపటి కిందటే లంచ్ రూమ్ నవ్వులతో దద్దరిల్లింది. గుడ్ ఫ్రైడే వస్తోందని రోడెల్ అట్టపెట్టెలతో సిలువ చేసి మేయరు వేషం కట్టాడు. కెమెరా ఉన్నంతసేపు సిలువ మేయరు భుజం మీద, కెమెరా పోగానే ఓటరు భుజం మీద. దారి పొడుగునా బియ్యం సంచులు పంచాడు. సంచి మీద క్రీస్తు బొమ్మ కాదు, మేయరు నవ్వుముఖం. అంతలోనే ఫాదర్‌గా మారిపోయి, "చర్చికి పైకప్పు వేయించావు నాయనా, ఇక నువ్వు ఎవరిని చంపించినా మాఫీ" అని దీవించాడు. ఫిలిప్పీనో ఆడవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. ధరణి మరీ నవ్వింది. బియ్యం, దేవుడు, కుర్చీ దిగని కుటుంబం, అచ్చం తన మండలమే!

అసలు అతణ్ణి ఎగదోసిందే ఆమె. నెస్టర్ ఉన్నాడు వద్దని రోడెల్ జంకితే, తన తాత కొమరయ్య సంగతి చెప్పింది. కొమరయ్య పగటివేషగాడు. పటేల్ వేషం కట్టి, పటేల్ గడప ముందే పటేల్‌ను దులిపేసేవాడు. పటేల్ నవ్వి వడ్లు కొలిపించేవాడు. వేషంలో ఉన్నవాడి మీద ఎవరూ చెయ్యెత్తరని ధరణి ధీమాగా చెప్పింది. తాతల నాటి కట్టుబాటు సముద్రాలు దాటి ఇక్కడా కాపాడుతుందనుకుంది, పిచ్చిది.

అంబులెన్స్ వాళ్ళు వచ్చేసరికి రోడెల్ ఎడమకన్ను వాపులో కనబడడం లేదు. అతణ్ణి తీసుకుపోయాక కత్తులు కడిగే గది నేల మీద నెత్తురు, రెండు పళ్ళు మిగిలాయి. వీరభద్రరావు కత్తులు కడిగే వేడినీళ్ళగొట్టం తెచ్చి ధరణి చేతికిచ్చాడు.

"పోలీసులొస్తున్నారమ్మా. ఈలోగా కడిగెయ్యి. కాలుజారి పడ్డాడని చెబుదాం."

"ముగ్గురు కొట్టిన్రు అంకుల్. మీరు సూసిన్రు."

"నీ పీఆర్‌కి జాబ్ లెటర్ ఇవ్వాల్సింది నేనే కదా తల్లీ. ఆలోచించుకో."

 ధరణికి కాలేజీ అయిపోయింది, వర్క్ పర్మిట్ ఆఖరికొచ్చింది. ఆ లెటర్ లేకపోతే ఇక్కడే ఉండిపోయే పీఆర్ రాదు, ఇండియా విమానం ఎక్కాల్సిందే. భయంతో ఏడుపొచ్చింది, ఏడుస్తూనే గొట్టం కింద పడేసింది.

"నేను కడగ."

నెస్టర్‌కు భాష రాకపోయినా సంగతి అర్థమైంది. చెంప మీద ఒక్కటిచ్చాడు. ధరణి ఆ నెత్తుట్లోనే మోకాళ్ళ మీద పడింది, పెదవి చిట్లింది. అతనే గొట్టం అందుకుని నెత్తురు మీదికి తిప్పాడు.

"లేమ్మా, ఒళ్ళు కాలిపోద్ది!" అని వీరభద్రరావు కేక పెట్టాడు.

"పోలీసోళ్ళు వొచ్చినంకనే లేస్త!"

వేడినీళ్ళు జోరుగా వీపు మీద పడ్డాయి. ధరణి కెవ్వుమంది. బోర్లా పడుకుని, రెండు చేతులూ చాపి, ఆ నెత్తురును తన ఒంటితో కప్పేసింది.