తుడిచి ఇచ్చిన బండి

అక్షరాల్లో తప్పులుంటే మన్నించండి. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకింకా సరిగా కుదరడం లేదు. ఒక్కో మాట రాయడానికి బియ్యంలో రాళ్లు ఏరినంత సేపు పడుతోంది. ఈ నాలుగు కాగితాలకు ఆరు రోజులు పట్టింది. తప్పులు దిద్దుతానని మా పద్మప్రియ టీచర్ అంది. అక్షరాలు దిద్దమ్మా, సంగతి మాత్రం దిద్దకు అన్నాను. నేను ఇది చదివేటప్పుడు, మా చదువు చూడటానికి మండలం నుంచి వచ్చే మేడం కూడా వింటుందట. అందుకని మా ఊరు తెలియని వాళ్లకు కూడా అర్థమయ్యేలా మొదటి నుంచీ రాస్తున్నాను.

చెప్పాల్సింది ముందే చెబుతాను. ఆదినారాయణ అన్న ఎక్సెల్ బండిని పాడుచేసింది లాల్‌సింగ్ కాదు. నేను.

మా కొత్తగుంపు జూలూరుపాడు నుంచి అడవి వైపు ఏడు కిలోమీటర్లు. ముప్పై ఇళ్లు ఇవతల, వాగు దాటితే తండా. బస్సు రోడ్డు మీదే ఆగుతుంది, రోడ్డుదాకా రెండు కిలోమీటర్లు నడవాలి. ఆటో పొద్దున ఒకసారి వస్తుంది, నిండితేనే కదులుతుంది. బండ్లున్న వాళ్లు మరి కొందరున్నా, అడిగితే ఇచ్చేది ఆదినారాయణ అన్న ఒక్కడే. ఆయన ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరై వచ్చాడు. బండి తాళంచెవి గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుండేది. అడిగి తీసుకునే వాళ్లు అడిగేవాళ్లు, తొందరున్న వాళ్లు తీసుకెళ్లి వచ్చాక చెప్పేవాళ్లు.

ఆ బండి పడ్డ పాట్లు చెప్పాలంటే ఇంకో ఆరు రోజులు కావాలి. ఒకరోజు కుడి అద్దం లేకుండా వచ్చింది. ఒకరోజు సీటు చిరిగి వచ్చింది. ఇంకోరోజు వెనక కోళ్ల గంప కట్టిన తాడు అలాగే ఉంది, నంబరు ప్లేటు లేదు. స్టాండు వంగిపోయి, ఎక్కడ నిలబెట్టినా తాగినవాడిలా ఒరిగేది. ఎవరిని అడిగినా ఒకటే మాట. "నేను తీస్కపొయ్యేటాల్లకే గట్లున్నది" అని. ఆయన భార్య నాగలత నవ్వుతూ అనేది, "గీ బండికి నోరుంటే సగం ఊరు జైల్ల ఉంటుండె" అని.

నేను మాత్రం అలా కాదు అనుకునేదాన్ని.

నా భర్తకు కూడా పాత ఎక్సెల్ బండి ఉండేది. కోతలైన మడిలో ఆయనే నాకు నడపడం నేర్పాడు. అక్షరాల కన్నా ముప్పై ఏళ్ల ముందు నాకు బండి వచ్చింది. తొమ్మిదేళ్ల కింద ఆయన పోయాక దాన్ని అమ్మేశాం. అప్పటి నుంచి ఎప్పుడైనా ఆదినారాయణ అన్న బండి అడిగితే, తిరిగి ఇచ్చేముందు బురద కడిగేదాన్ని. పాత చీరె ముక్కతో తుడిచేదాన్ని. వాడినదానికంటే ఎక్కువే పెట్రోల్ పోసేదాన్ని. "రాఘవమ్మ చేతికిస్తే బండి తానం చేసొస్తది" అని అన్న నలుగురిలో అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నా నడుము కొంచెం నిటారయ్యేది.

పోయిన ఎండాకాలం ఆయన పాత బండి ఇచ్చేసి కొత్తది తెచ్చాడు. అదీ ఎక్సెలే. చూడటానికి అలాగే ఉంటుంది.

ఆగస్టులో యూరియాకు కరువొచ్చింది. లైన్లో చెప్పులు పెట్టి, చెప్పుల మీద పాసుబుక్కు జిరాక్సు పెట్టి, పక్కన చెట్టు కింద కూర్చున్నాం. రెండో రోజుకు నాకు రెండు బస్తాలు దొరికాయి. అన్న బండి మీద ముందొకటి, వెనకొకటి వేసుకుని వచ్చాను. మా ఊరి ఎత్తు ఎక్కేటప్పుడు బండి మూలిగింది, కాళ్లకు ఇంజను వేడి తగిలింది. కొత్త బండిని ఇంత కష్టపెట్టానే అని నాకు బాధేసింది.

ఆ బాధతోనే తిరిగి ఇచ్చేముందు కిరాణా కొట్టు దగ్గర ఆపాను. కొట్టు నడిపే భార్గవి నీళ్ల సీసాల్లో పెట్రోల్ అమ్ముతుంది. ఒక లీటరు అడిగి, రెండు ఆయిల్ ప్యాకెట్లు కూడా ఇమ్మన్నాను. నా భర్త పెట్రోల్‌లో అలాగే ఆయిల్ కలిపి పోసేవాడు. బరువు మోసిన రోజు ఒకటి ఎక్కువ పోసేవాడు, ఇంజను చల్లబడుతుందని.

భార్గవి ప్యాకెట్లు చేతిలో పట్టుకుని ఆగింది. "అత్తమ్మా, గీ కొత్త బండ్లకు ఆయిల్ పోస్తరా?"

"పోస్తరు పిల్లా. నాకెరుక లేదా? మా ఆయన బండి ఎన్నేండ్లు నడిపిన."

"ఏమో, మా అన్న పొయ్యడు."

"మీ అన్నకేం ఎరుక. ఇటియ్యి."

నా చేత్తోనే రెండు ప్యాకెట్లూ చింపి పోశాను. చివరి చుక్క కూడా పిండాను. బండిని తుడిచి, అన్న ఇంటి ముందు పెట్టి, తాళంచెవి మేకుకు తగిలించి వచ్చాను. ఆ సాయంత్రం నాకు చాలా తృప్తిగా ఉంది. ఆ తృప్తి తలుచుకుంటే ఇప్పుడు తల దించుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పొద్దున ఆ బండి లాల్‌సింగ్ తీసుకెళ్లాడు. లాల్‌సింగ్‌ది తండా. వీపున మిషన్ కట్టుకుని చేలకు మందు కొట్టడం ఆయన పని. ఆయన భార్య కమ్లి, నేను ఇరవై ఏళ్లుగా ఒకే సాలులో పత్తి తీస్తాం. కమ్లికి షుగర్. కాలికి ముల్లు గుచ్చుకుని పుండయింది. రోజు విడిచి రోజు జూలూరుపాడు దవాఖానాలో కట్టు మార్చాలి. కాలు కింద పెట్టనియ్యొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అందుకని ఆదినారాయణ అన్న రోజు విడిచి రోజు వాళ్లకు బండి ఇచ్చేవాడు.

ఆ రోజు సగం దారిలో, అడవి మధ్యలో, బండి పొగ కక్కి ఆగిపోయింది. ఎంత కొట్టినా లేవలేదు. లాల్‌సింగ్ బండి నెట్టుకుంటూ, కమ్లి కట్టు మీద పాలిథిన్ కవరు చుట్టుకుని వెనక కుంటుకుంటూ, వానలో, బురదలో తిరిగి వచ్చారు.

అన్న వాకిట్లో ఊరు సగం చేరింది. నేనూ ఉన్నాను.

"ఏం చేసినవ్ రా నా బండిని?" అన్నాడు ఆదినారాయణ అన్న.

"ఏం చెయ్యలేదన్నా. నడుస్త నడుస్తనే పొగొచ్చింది, బందైంది."

"నిన్న రాఘవమ్మ తుడిచి పెట్టింది. నిన్న లేని రోగం గీ పొద్దుగాల ఎట్లొచ్చె?"

అందరూ నా వైపు చూశారు. కమ్లి కూడా చూసింది, మేకల గుంజ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి.

"నేనిచ్చినప్పుడు మంచిగనే ఉండె" అన్నాను.

అప్పటికి అది అబద్ధం కాదు. నాకు తెలిసిందే చెప్పాను. కానీ ఆ మాట పట్టుకుని అన్న లాల్‌సింగ్‌ను నలుగురిలో తిట్టాడు.

మెకానిక్ ఇంజను విప్పాడు. ఏం తేలిందో అన్న ఊళ్లో చెప్పలేదు, ఇంజను కరాబైందని మాత్రం తెలిసింది. బండి బాగై వచ్చింది గానీ తాళంచెవి మళ్లీ మేకుకు ఎక్కలేదు. అన్న చొక్కా జేబులోకి వెళ్లింది. ఎవరు అడిగినా, "బండి బాగలేదు" అనేవాడు. లాల్‌సింగ్ అడగనే లేదు. ఆటో నిండిన రోజు ఆటోలో, లేని రోజు రోడ్డుదాకా నడిచి, కమ్లి దవాఖానాకు పోయేది. నా చేను ఆ దారి పక్కనే. ఆమె మడమ మీద బరువు వేసి నడవడం పత్తి చెట్ల మధ్య నుంచి చూసేదాన్ని. పాపం అనుకునేదాన్ని. ఒకరోజు నల్లా దగ్గర నాగలతతో, "బరువు గిట్ట ఎక్కువ ఏసి ఉంటడు వదినా" అని కూడా అన్నాను. నన్నెవరూ అడగకుండానే అన్నాను.

మా పొదుపు సంఘం ఆడవాళ్లకు పద్మప్రియ టీచర్ మధ్యాహ్నం పూట అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది అప్పుడే. నేను మొండిదాన్ని, రోజూ వెళ్లాను. దీపావళి దాటాక మాటలు కూడబలుక్కోవడం వచ్చింది. కనిపించిందల్లా చదివేదాన్ని. యూరియా బస్తా, అగ్గిపెట్టె, బస్సు బోర్డు. బస్సు నేను చదివేలోపే వెళ్లిపోయేది.

నవంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం నాగలతకు గిన్నెలో పచ్చిపులుసు తీసుకెళ్లాను. బండి నీడకు పెట్టి ఉంది. పెట్రోల్ మూత పక్కన తెల్ల రంగుతో ఎవరో చేత్తో రాసిన అక్షరాలున్నాయి. వంగి, వేలు పెట్టి చదివాను. ఆ. యి. ల్. ఆయిల్. తర్వాతి మాటకు చాలాసేపు పట్టింది. కలపొద్దు. కింద ఇంకో వరస ఉంది. ఒట్టి పెట్రోలే పొయ్యాలె.

నాగలత బయటికి వచ్చింది. "సదువొచ్చె గదా వదినా నీకు! అది మెకానిక్ రాసిండు. ఆయిల్ పెట్రోల్ పోస్తే ప్లగ్గు మూసుకపోయిందట. లాల్‌సింగ్ మందు కొట్టే మిషన్‌ల పోసే ఆయిల్ కలిపిన పెట్రోల్ పోసుంటడు. మీ అన్న అడిగితే కాదని గూడ అనలే వాడు."

గిన్నె ఆమెకు ఇవ్వకుండానే ఇంటికి వచ్చేశాను. పులుసు చీరె మీద ఒలికింది.

ఆ రోజు నుంచి పంతొమ్మిది రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. తెలియక చేసింది తప్పు కాదంటారేమో. ఆ పంతొమ్మిది రోజులూ తెలిసే ఊరుకున్నాను. రాఘవమ్మ చేతికిస్తే బండి స్నానం చేసి వస్తుందన్న మాట పోతుందని భయపడ్డాను. అంతే. ఇంకే కారణమూ లేదు. రేపు చెబుదామనుకునేదాన్ని. రేపు వచ్చేది, పత్తికి పోయేదాన్ని.

పన్నెండో రోజున కమ్లిని పెద్ద దవాఖానాకు తీసుకెళ్లి కాలి వేలు తీసేశారు. నడవకుండా ఉంటే మానేదేమోనని డాక్టరమ్మ అన్నదట. నేను బత్తాయిలు పట్టుకుని చూడటానికి వెళ్లాను. మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలిచి, తొనల గింజలు కూడా తీసి ఆమె నోట్లో పెట్టాను. చెప్పలేదు.

పంతొమ్మిదో రోజు పొద్దున ఆదినారాయణ అన్న దగ్గరికి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు తాళంచెవి చేతిలో తిప్పాడు.

"ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా చెల్లె? నాలుగు నెల్లాయె. వాడు మర్చిపోయిండు. ఊకో."

"మర్చిపోతడా అన్నా?"

"నేను గూడ వాన్ని నలుగుర్ల తిట్టిన గదా. ఇప్పుడు లేపితే ఇద్దరి ఇజ్జత్ పోతది. ఊకో చెల్లె."

ఊరుకోవడానికి నాకు సాయం దొరికింది. అయినా కాళ్లు వాగు వైపే నడిచాయి.

లాల్‌సింగ్ వాకిట్లో నులక అల్లుతున్నాడు. కమ్లి మంచం మీద కాలు చాపుకుని ఉంది. మందు కొట్టే మిషన్ గోనెసంచి చుట్టి చూరుకు వేలాడుతోంది. దాని మీద దుమ్ము. ఆయన దాన్ని ముట్టి చాలా రోజులైనట్టుంది. నేను నిలబడే చెప్పాను, భార్గవి అడిగిన మాటతో సహా.

లాల్‌సింగ్ చేయి ఆగింది. "ఎన్ని ప్యాకెట్లు పోసినవక్కా?"

"రెండు."

"లీటర్‌కు రెండా?"

"రెండు."

ఆయన నులక కింద పెట్టాడు. "గంత ఆయిల్ పడ్డదా? అయితే నేను కాదు" అన్నాడు. నాతో కాదు, కమ్లితో. మళ్లీ నాకేసి తిరిగి, "ఆ పొద్దు నేను గూడ పావు లీటర్ పోసినక్కా, ఉత్తగ తీస్కపోవద్దని. నా కాడ రెండు సీసలు ఒక్క తీరుగనే ఉంటయ్. ఒకటి ఒట్టిది, ఒకటి మిషన్‌ది. ఏ సీస పోసిన్నో యాదికి రాలె. అన్న అడిగినంక నేనే మిషన్‌ది పోసిన్నేమో అనుకున్న. దీనికి గూడ గదే చెప్పిన. నీ కాలు నేనే తీసిన అని చెప్పిన."

అందుకే ఆయన కాదనలేదు. అందుకే మిషన్ చూరుకెక్కింది. ఆయన చేయని తప్పును నాలుగు నెలలు ఆయనే మోశాడు. అందులో పంతొమ్మిది రోజులు నేను చూస్తుండగా మోశాడు.

కమ్లి కాళ్ల దగ్గర వంగబోయాను.

"నా కాళ్లు మొక్కకు. తొమ్మిది వేళ్లే ఉన్నయ్" అంది.

మళ్లీ తనే అంది. "నాలుగు నెల్లు గీ మనిషిని తిట్టిన. నీ చేతులు పడిపోను అన్న. బువ్వ పెట్టుకుంట తిట్టిన. మారు మాటనలేదు. గదంత ఎట్ల ఎనుకకు తీసుకోవాలె నేను? నువ్ చెప్పు."

ఏడుపు వచ్చింది.

"ఇగో, గిదే. నువ్ ఏడుస్తవ్, అందరొచ్చి నిన్నే ఓదారుస్తరు. గట్ల కుదరదు. నలుగుర్ల నిలబడి మంచిగనే ఉండె అన్నవ్ గదా, గదే వాకిట్ల నిలబడి గిది గూడ చెప్పు. నోటితోని వద్దు. సదువు నేర్చుకున్నవ్ గదా, కాయితం మీద రాసుకొచ్చి సదువు. మధ్యల ఆపొద్దు."

"అవ్, రాస్త" అన్నాను.

"జల్దీ రాయి. నాకు ఇంకో వేలు పొయ్యేదాక చెయ్యకు."

లాల్‌సింగ్ నవ్వాపుకోలేకపోయాడు. కమ్లి నవ్వలేదు. నేను వచ్చేటప్పుడు ఆమె నన్ను అక్కా అని పిలవలేదు. వాగు దాటి వెనక్కి చూస్తే, ఆయన నిచ్చెన వేసుకుని మిషన్ కిందికి దించుతున్నాడు.

వచ్చే శుక్రవారం సంఘం మీటింగు ఆదినారాయణ అన్న వాకిట్లోనే పెట్టమని అడిగాను. ఆయన సరే అనలేదు, కాదనలేదు. నాగలత మాత్రం చాపలు దులుపుతోంది. ఈ కాగితాలు అక్కడ నేనే చదువుతాను. రోజూ పొద్దున పత్తి చేలో ఎవరూ లేనప్పుడు గట్టిగా చదువుకుంటున్నాను. పంతొమ్మిది రోజులు అన్న చోట ఇంకా ఆగిపోతున్నాను. ఆగినా అక్కడి నుంచే మళ్లీ మొదలుపెడతాను.

రాఘవమ్మ, వయసు యాభై ఎనిమిది. ఇప్పుడు ఉంటున్నది కొత్తగుంపులో, ఆదినారాయణ ఇంటికి మూడో ఇల్లు, జూలూరుపాడు మండలం.