చూసుకోలేదమ్మా

యూనివర్సిటీ బండ్లకు జరిగిన ప్రమాదాలను విచారించే కమిటీ నెలకోసారి, రెండో మంగళవారం, ఆఫీసు భవనం మూడో అంతస్తులో కూర్చుంటుంది. గదికి రెండు కిటికీలు. రెండూ తెరుచుకోవు. ఎప్పుడో రంగు వేసినప్పుడు తలుపునీ చట్రాన్నీ కలిపి పూసేశారు మహానుభావులు. టేబుల్ మధ్యలో ఒక ట్రే, అందులో పిల్లలు ఆడుకునే బొమ్మకార్లు, ఒక బొమ్మబస్సు, ఒక సుద్దముక్క. ఎవరు ఎటునుంచి వచ్చి ఎవర్ని గుద్దారో పెద్దమనుషులు నలుగురూ వాటిని అటూ ఇటూ తోసి తేలుస్తారు. చూస్తే నవ్వొస్తుంది గానీ, ఆ ట్రే ముందు చెమటలు పట్టని డ్రైవరు లేడు.

గోడవైపు కుర్చీలో కూర్చుని మినిట్స్ రాసే ఆవిడను డ్రైవర్లు రాతమ్మ అంటారు. పదకొండేళ్లుగా ఆ కుర్చీ ఆవిడదే. మీటింగులో ఆవిడ నోరు విప్పకూడదు, అదీ పద్ధతి. అయినా ఆవిడ అసలు పని మీటింగుకు ముందే అయిపోతుంది. బండికి చిన్న గీత పడినా డ్రైవరు ముందు ఆవిడ దగ్గరికే వస్తాడు. అతని గోడంతా విని, ఆఫీసు భాషలోకి మార్చి, టైపు చేసి, కింద సంతకం పెట్టించుకుంటుంది.

చేరిన కొత్తలోనే ఆవిడ ఒక కిటుకు కనిపెట్టింది. తప్పు నాది కాదని వాదించేవాణ్ణి కమిటీ మూడు నెలలు తిప్పుతుంది. ఒప్పుకున్నవాణ్ణి నాలుగు చీవాట్లు పెట్టి ఐదు నిమిషాల్లో వదిలేస్తుంది. ఇంకేం, వచ్చిన ప్రతివాడికీ ఒకటే సలహా: "ఒప్పేసుకో అన్నా, పీడా పోతుంది." వాక్యం కూడా సిద్ధంగా ఉండేది: 'నా అజాగ్రత్త వలన ఈ ప్రమాదం జరిగినది.' స్టీరింగ్ మీద కునికి స్తంభాన్ని గుద్దినవాడూ, ఆగి ఉన్న బండిని ఎవడో వచ్చి గుద్దితే బిక్కమొహం వేసుకొచ్చినవాడూ ఆ ఒక్క వాక్యం కిందే సంతకం పెట్టి హాయిగా ఇంటికెళ్లారు. ఆవిడకు లోలోపల గర్వంగానే ఉండేది, దాచడమెందుకు!

ఆ మంగళవారం కమిటీ ముందు నిలబడ్డ మనిషిని నిదానం అంటారు. ఇరవై రెండేళ్ల సర్వీసు. స్టడీ టూర్లకు వెళ్లే పెద్దబస్సు అతనిది. స్పీడు నలభై దాటించడని పిల్లలు పెట్టిన పేరది. వెనకనుంచి ఎంత ఈలలు వేసినా, "మీ అమ్మానాన్నలకు మిమ్మల్ని ముక్కలుగా అప్పగించమంటారా?" అనేవాడు గానీ కాలు కిందికి నొక్కేవాడు కాదు. అలాంటివాడి ఫైల్లో రెండున్నరేళ్లలో రెండు ఒప్పుకోళ్లున్నాయి.

మొదటిది హాస్టల్ గేటు. గాలికి గేటు ఊడొచ్చి అద్దం మీద పడింది. రెండోది నీళ్లు నిండిన గుంత. చక్రం దిగబడి బంపరు వంగింది. రెండుసార్లూ అతను వచ్చి, "అయ్యో, చూసుకోలేదమ్మా" అన్నాడు. అది మనమంతా అనే మాటే. బజారులో ఎవడైనా మన కాలు తొక్కితే, తొక్కించుకున్న మనమే ముందు "అయ్యో, చూసుకోలేదండీ" అంటాం. మర్యాద కొద్దీ వచ్చే మాట అది. రాతమ్మ ఆ మాట పట్టుకుని అజాగ్రత్త అని టైపు చేసింది. నిదానం చదవను కూడా చదవలేదు. "మీరు రాశాక ఇంకేం చూస్తానమ్మా" అని సంతకం గీకేశాడు.

ఈ ఏడాది మొదట్లో పైనుంచి కొత్త రూలు దిగింది. మూడేళ్లలో మూడు తప్పులు తేలితే తాళం తీసుకుంటారు. ఇంక బండి ఎక్కనివ్వరు, రిటైరయ్యేదాకా స్టోరు గదిలో అట్టపెట్టెలు సర్దుకోవాలి. ఆ సర్క్యులర్ టైపు చేసిందీ రాతమ్మే. టైపు చేస్తూనే ఎవరి ఫైల్లో ఎన్ని ఒప్పుకోళ్లున్నాయో లెక్క వేసుకుంది.

ఇప్పుడు మూడోది. లైబ్రరీ పక్కన బస్సు ఆపి, ఇంజను కట్టేసి, వెనక డిక్కీలోంచి ఒక్కడే సామాన్లు దింపుతుంటే ఒకమ్మాయి స్కూటీ బస్సును రాసుకుంటూ పోయి పడిపోయింది. చెయ్యి విరిగింది. బస్సు కదిలిందని ఆ పిల్ల అంటుంది. కదలలేదని నిదానం అంటాడు. చూసినవాళ్లు లేరు. ఈసారి అతను రాతమ్మ సలహా వినలేదు. "లేదమ్మా, ఇది నేను చెయ్యలేదు. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది. ఉన్నదున్నట్టు రాయండి" అన్నాడు. ఆవిడ అలాగే రాసింది.

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరు బొమ్మబస్సును రెండు వేళ్లతో ముందుకు తోశాడు. "ఆ పిల్ల పడగానే నువ్వు వెళ్లి ఏమన్నావయ్యా?"

"చూసుకోలేదు తల్లీ అన్నాను సార్. పాపం, ఏడుస్తోంది..."

"అదిగో! చూసుకోలేదని నీ నోటితోనే ఒప్పుకున్నావు. పోయిన రెండుసార్లూ అజాగ్రత్త అని సంతకం పెట్టావు. మూడోసారికి ఒక్కసారిగా జాగ్రత్త వచ్చేసిందా?"

నిదానం గోడవైపు కుర్చీకేసి చూశాడు. ఒక్క క్షణమే. ఆ చూపులో నిష్ఠూరం ఉన్నా రాతమ్మ తట్టుకునేది. లేదు. ఈవిడేదో చెబుతుందిలే అన్నట్టు చూశాడు, అంతే. నోరు విప్పితే తన ఉద్యోగానికే ముప్పు. విప్పకపోతే తన టైపు మిషను ఈ మనిషి నోట్లో మట్టి కొడుతోంది. పెన్ను కింద పెట్టి లేచింది.

"సార్, ఆ రెండు కాగితాల్లో మాట ఆయనది కాదు. నాది. గేటు గాలికి పడింది. గుంత నీళ్లలో కనపడలేదు. ఒప్పుకుంటే తొందరగా వదిలేస్తారని నేనే అలా రాశాను. అందరికీ అలాగే రాశాను."

కమిటీ పెద్ద, మెకానిక్స్ చెప్పే ప్రొఫెసరు, కళ్లద్దాలు తీశాడు. చెడ్డవాడేం కాదు. "ఏమంటున్నారో తెలుస్తోందా అమ్మా? అది నిజమైతే ఈ ఒక్క ఫైలుతో ఆగదు. పదకొండేళ్ల కాగితాలన్నీ తిరగతోడాలి. ఎవరు నిజంగా తప్పు చేశారు, ఎవరు చెయ్యలేదు, అన్నీ మళ్లీ మొదటినుంచి."

"తోడదాం సార్!" ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసరు మొహం వెలిగిపోయింది. "నలభై మందైనా ఉంటారు. కునికినవాళ్లూ, ఫోన్లో మాట్లాడినవాళ్లూ అందరూ బయటపడతారు."

తలుపు అద్దంలోంచి బయట బెంచీ కనిపిస్తోంది. నిదానానికి తోడొచ్చిన ముగ్గురు డ్రైవర్లు దాని మీద కూర్చున్నారు. అందులో స్తంభాన్ని గుద్దినవాడు, భార్య ఆసుపత్రిలో ఉన్నప్పుడు వారం రోజులు సరిగ్గా కన్నంటక బండి తోలినవాడు, గుప్పిట్లో మూతి పెట్టుకుని లోపలికే చూస్తున్నాడు. నిదానం అతన్ని చూశాడు. రాతమ్మ కూడా చూసింది. చూసి, అయ్యో భగవంతుడా, అనుకుంది.

"సార్," అన్నాడు నిదానం, "ఆవిడది జాలి గుండె. నన్ను కాపాడదామని అంటోంది. నేను చెప్పిందే రాసింది."

"అన్నయ్యా!"

"కూర్చోండమ్మా. ఆ రెండూ నా అజాగ్రత్తే సార్. ఈ మూడోది మాత్రం నేను చెయ్యలేదు."

ప్రొఫెసరు ఆవిడకేసీ అతనికేసీ మార్చి మార్చి చూసి, ఊపిరి పీల్చుకుని కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఆ ఊపిరిలో ఎంత హాయి! తోడాల్సిన పని తప్పింది మరి. మూడోది మాత్రం కాదంటే ఎవరు నమ్ముతారు? నాలుగు చేతులు లేచాయి. 'కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించినది' అని రాయాల్సింది రాతమ్మే. రాసింది. ఆవిడ లేచి చెప్పిన మాటలు మినిట్స్‌లో అక్కర్లేదన్నారు.

నిదానం తాళంచెవి టేబుల్ మీద పెట్టి బయటికి నడిచాడు. రాతమ్మ వెనకాలే పరుగెత్తి మెట్ల దగ్గర అందుకుంది.

"ఎందుకలా చెప్పారన్నయ్యా? నా ఉద్యోగం పోతే పోయేది. మీ బస్సు మీకుండేది కదా!"

ఇరవై రెండేళ్లలో అతను గొంతు పెంచగా ఎవరూ వినలేదు. ఆవేళ రాతమ్మ విన్నది. "ఏం చెయ్యమంటారమ్మా నన్ను? నిజం చెబుదామని వచ్చిన రోజు ఒప్పేసుకోమన్నారు. ఒప్పుకున్నాను. ఇవాళ మీరు నిజం చెబితే వీళ్లంతా రోడ్డున పడతారు. ఇంక నేను నిలబడడానికి చోటెక్కడ ఉంచారు?"

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. అతను చూశాడు గానీ ఊరుకోబెట్టలేదు.

"సాయంత్రం ఇంటికెళితే నా కూతురు అడుగుతుంది, నాన్నా, నువ్వు చేశావా అని. కాదంటే, మరి రెండుసార్లు ఎందుకు ఒప్పుకున్నావంటుంది. దానికేం చెప్పను? చెప్పండి. మాటలు మీకు తెలుసుగా."

లోపల బెల్లు మోగింది, తర్వాతి ఫైలు కోసం. అతను జవాబు కోసం ఇంకా నిలబడే ఉన్నాడు. రెండోసారి బెల్లు మోగాక రాతమ్మ లోపలికి వెళ్లింది.