లాగి వదిలెయ్

దేవుడు ఇంజిన్ల సంగతి పట్టించుకుంటాడా అన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. మనుషుల సంగతి చూస్తాడు, అందులో సందేహం లేదు. వానలు, పంటలు, రోగాలు, పిల్లల చదువులు, ఇవన్నీ ఆయన చూసుకునేవే. కానీ ఇనుమునూ డీజిలునూ గ్రీజునూ కూడా తీసుకెళ్లి ఆయన నెత్తిన పెట్టడం మర్యాదేనా? పొద్దున్నే స్నానం చేసి దణ్ణం పెట్టుకోనిదే నేను స్టీరింగు ముట్టను. ముట్టాక సెల్ఫ్ మీద వేలు పెట్టి మళ్లీ ఆయన్నే తలుచుకుంటాను. బండి అందుకుంటే అది ఆయన దయో, బ్యాటరీ దయో నాకెప్పుడూ తేలలేదు. ఈ మాట నా భార్యతో అంటే, తేల్చుకుని ఏం చేస్తారు, బండి నడుస్తోంది కదా అంటుంది.

ఆ రోజు బండి నడవలేదు.

అది సైన్యం వాళ్లు వాడినన్నాళ్లు వాడి వేలంలో అమ్మేసిన డీజిల్ లారీ. ఆరు చక్రాలూ ఇంజిను బలంతోనే తిరుగుతాయి, అందుకే ఎంత బురదైనా, ఎంత ఎత్తైనా ఎక్కుతుంది. వెనక నీళ్ల ట్యాంకు బిగించి, పన్నెండేళ్లుగా కొండమీది కాన్పుల ఆసుపత్రికి నీళ్లు తోలుతున్నాను. అక్కడ మూడు చోట్ల బోరు వేశారు, మూడుసార్లూ దుమ్మే పడింది. నేను టైఫాయిడ్‌తో మూడు వారాలు మంచం పట్టినప్పుడు ఒక ట్రాక్టరు చిన్న ట్యాంకు తగిలించుకుని రోజుకు ఐదారుసార్లు తిరిగి ఎలాగో నెట్టుకొచ్చింది. రెండు రోజుల కిందటి వానకు దారి సగం కొట్టుకుపోయింది. ట్రాక్టరు ఇరుసుదాకా కూరుకుపోయింది. జీపులైతే ఎలాగో దాటుతాయి గానీ, నీళ్ల బరువుతో ఎక్కడానికి ఇక మిగిలింది నా బండి ఒక్కటే.

మా చెల్లెలు ఆ ఆసుపత్రిలో నర్సు. ఉదయం ఏడింటికి ఫోన్ చేసింది. సిమెంటు తొట్టిలో జానెడు నీళ్లు మిగిలాయట. మధ్యాహ్నానికల్లా నీళ్లు రాకపోతే పదకొండు మంది బాలింతల్నీ పసిగుడ్లనీ జీపుల్లో కిందికి దించేయాలని పెద్ద డాక్టరమ్మ అంటోందట. వాళ్లలో ఇద్దరికి ఆపరేషనై రెండు రోజులే అయింది.

"అన్నయ్యా, వస్తానంటే డాక్టరమ్మని ఒంటిగంటదాకా ఆపుతాను. కుదరదంటే ఇప్పుడే చెప్పెయ్, నన్ను మధ్యలో వేలాడదీయకు."

వస్తానన్నాను. నా భార్య అప్పటికే బావి దగ్గర మోటారు వేసి, పైపు తెచ్చి లారీ ట్యాంకులో పెట్టింది. నేను దణ్ణం పెట్టుకుని ఎక్కి సెల్ఫ్ కొట్టాను. ఇంజిను తిరిగింది. తిరుగుతూనే ఉంది కానీ అందుకోలేదు. ఐదుసార్లు కొట్టాను. ఆరోసారి కొట్టబోతుంటే నా భార్య, ఆ బ్యాటరీని కూడా చంపేసి అప్పుడు బాబాయిని పిలుద్దామా అని అడిగింది. స్కూటర్ తీసుకుని తనే వెళ్లింది.

బాబాయి అంటే మా నాన్న స్నేహితుడు. సైన్యంలో ఇరవై రెండేళ్లు ఇలాంటి బళ్లనే బాగుచేసి వచ్చిన మనిషి. ఎప్పుడు చూసినా జేబులో ఒక పానా ఉంటుంది కాబట్టి పేటంతా ఆయన్ని పానా బాబాయి అంటారు. స్కూటర్ దిగి, మోకాళ్లు పట్టుకుని కాసేపు నిలబడి, షెడ్డులో ఉన్న ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. అది ఆయన పద్ధతి. చూడాలి, వినాలి, వాసన చూడాలి, ఆ తర్వాతే ముట్టుకోవాలి. ముందే వేలు పెడితే పాత తప్పేదో మనం చేసిన కొత్త తప్పేదో తెలియకుండా పోతుందంటాడు. నేనేమేం ముట్టుకున్నానో ముందు చెప్పించుకున్నాడు. బ్యాటరీ వైర్లు బిగించానని ఒప్పుకున్నాను.

నన్ను సెల్ఫ్ కొట్టమని, నా భార్యను వెళ్లి సైలెన్సరు దగ్గర నిలబడమన్నాడు.

"పొగ ఏ రంగులో వస్తోందమ్మా?"

"అసలు పొగే లేదు మావయ్యా."

"అయితే పొయ్యి మీద ఏమీ పెట్టలేదన్నమాట," అన్నాడు బాబాయి. డీజిలు ఇంజిను లోపలికి చేరి మండకపోతే కనీసం తెల్లపొగైనా రావాలి. ఏ పొగా లేదంటే డీజిలే చేరడం లేదు.

దేవుడి దయవల్ల పైపుల్లో గాలి చొరబడి ఉంటుంది, అంతకంటే పెద్ద రోగం కాకపోవచ్చు అన్నాను నేను. గాలి చొరబడడం దేవుడి దయ ఎలా అవుతుందిరా, ఆయన మీద కూడా నెపం వేస్తావా అని నవ్వాడు.

అప్పుడు లేచి మొదలుపెట్టాడు. డీజిలు ట్యాంకులో పుల్ల ముంచి చూస్తే సగానికి పైగా డీజిలుంది. ఫిల్టరు మీది మర కొంచెం వదులు చేసి, డీజిలును ముందుకు తోసే చిన్న చేతిపంపు కొట్టమన్నాడు. నేను కొడుతుంటే ముందు నాలుగు బుడగలు, తర్వాత శుభ్రమైన డీజిలు వచ్చింది. అది బిగించి, డీజిలు పంపు దగ్గర మర వదులు చేశాం. అక్కడా బాగానే వచ్చింది. ఇక పంపు నుంచి ఇంజిను తలలోకి వెళ్లే సన్న పైపుల్లో ఒకదాని నట్టు వదులు చేసి, నా భార్యను ఎక్కి సెల్ఫ్ కొట్టమన్నాడు. ఇంజిను గిర్రున తిరిగింది. నట్టు దగ్గర తడి కూడా కాలేదు. బాబాయి వేలితో తుడిచి చూసి, ఆ వేలు నాకు చూపించాడు. పొడిగా ఉంది.

"పంపు దాకా వస్తోంది. పంపు తాగుతోంది, ఉమ్మడం లేదు," అన్నాడు.

పంపు పాడైతే ఇక్కడ విప్పేది కాదు. పట్నం పంపాలి, వారం పడుతుంది. నేను గడియారం చూశాను. పదకొండు దాటింది. చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. జీపులు వచ్చి వాకిట్లో ఆగాయని, ఒక బాలింత అయితే అప్పుడే బట్టలు మూట కట్టుకుందని చెప్పింది. ఇంకొంచెంసేపు ఆపమన్నాను. ఎంతసేపని అడిగితే, మళ్లీ చేస్తానని పెట్టేశాను.

షెడ్డు వెనక్కి వెళ్లి నిలబడ్డాను. దేవుణ్ణి ఏం అడగాలో తోచలేదు. పంపులో పట్టేసిందేదో వదలగొట్టమని ఆయన్ని అడగడానికి సిగ్గేసింది. కొట్టుకుపోయిన ఆ దారి మీదకు ఆ పిల్లల్ని రానివ్వకు, ఆ మాత్రం చూడు అని అడిగాను.

తిరిగి వచ్చేసరికి బాబాయి పీట మీద కూర్చుని నా భార్యతో మాట్లాడుతున్నాడు. సైన్యంలో బండి లేవకపోతే ఇప్పుడు లేపబోయినవాణ్ణి కాదు, కిందటిసారి ఆపినవాణ్ణి ముందు పిలిచి అడిగేవారట. బాగా నడిచిన బండి నిలబడ్డచోట పాడవదు, ఆగేటప్పుడే ఏదో జరిగి ఉంటుందని వాళ్ల నమ్మకం.

"ఇంతకీ దీన్ని చివరగా ఆపిందెవరు?"

"నేనే మావయ్యా," అంది నా భార్య.

నిజమే. జ్వరం ముంచుకొచ్చిన రోజు బండిని ఇంజిను ఆపకుండానే గేటు ముందు విడిచిపెట్టి, ఇంట్లోకి వచ్చి పడిపోయాను. దాన్ని షెడ్డులోకి తెచ్చి పెట్టింది ఆవిడే. నాకు సరిగా గుర్తు కూడా లేదు.

"ఎలా ఆపావు?"

"తాళం తిప్పినా ఆగలేదు. అడిగితే ఈయన కిటికీలోంచి కేకేశారు, ఎడమపక్కన నల్ల పిడి ఉంటుంది, లాగి వదిలెయ్ అని. లాగాను. ఆగింది. వదిలేశాను."

"వదిలేశావంటే, వెనక్కి పోనిచ్చావా?"

"వెనక్కి ఎందుకు పోనిస్తాను? లాగింది లాగినట్టే వదిలేశాను. పొయ్యి మీద గిన్నె వదిలెయ్యమంటే దించేస్తామా ఎక్కడైనా?"

బాబాయి నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఈ పాత ఇంజిన్లు తాళంతో ఆగవు. ఆ పిడి లాగితే ఒక తీగ వెళ్లి పంపు పక్కనున్న చిన్న మీటను గుంజి డీజిలు ఆపేస్తుంది. పిడి వదలగానే స్ప్రింగు ఆ మీటను మళ్లీ వెనక్కి తెచ్చుకుంటుంది. నేను చెప్పింది చేతిలోంచి వదలమని. ఆవిడ విన్నది ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచమని. ఆ మాటకు రెండు అర్థాలూ ఉన్నాయి. పన్నెండేళ్లుగా రోజూ ఆ పని చేస్తూ, ఆ రెండోది ఒకటుందని నాకు తట్టలేదు.

కానీ పిడి లోపలికే ఉంది, పొద్దున నేనే చూశాను అన్నాను. నాలుగు రోజుల కిందట ఆవిడ క్యాబిన్ తుడుస్తుంటే అది పొడుచుకొచ్చి అసహ్యంగా కనిపించిందట, అరచేత్తో గట్టిగా లోపలికి తోసేసిందట.

బాబాయి పెద్దగా నవ్వి, ఇంజిను మీదకు వంగి, పైపుల వెనక్కి చెయ్యి పోనిచ్చాడు. మీట ఇంకా ఆపిన చోటే ఉంది. మూడు వారాలు కదలిక లేక, వాన చెమ్మకు తీగ దాని గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోయింది. పిడిని తోస్తే ఇటు కొసన తీగ వంగిందే తప్ప అటు మీట కదల్లేదు. జేబులోని పానాతో తీగను మీట నుంచి ఊడదీశాడు. మీట టక్కున వెనక్కి వెళ్లింది.

"ఇప్పుడు వదిలింది," అన్నాడు.

వదులు చేసిన నట్టు బిగించి, నేను ఎక్కి సెల్ఫ్ కొట్టాను. నాలుగు చుట్లు తిరిగిందో లేదో సైలెన్సరు బుస్సుమని తెల్లపొగ కక్కింది. ఒక సిలిండరు అందుకుంది, ఇంకోటి తడబడింది, తర్వాత అన్నీ ఒక్క గొంతుతో అందుకున్నాయి. షెడ్డు రేకులు గలగలలాడాయి. నా భార్య చెవులు మూసుకోకుండా అలాగే నిలబడింది. తర్వాత దగ్గరికొచ్చి, తప్పు తనదే అంది. కాదు, చెప్పడం రానిది నాకే అన్నాను. అయితే ఇకమీదట సగం మాట కేకెయ్యకండి అని, చెల్లెలికి ఫోన్ చెయ్యడానికి వెళ్లింది.

బాబాయి గుడ్డముక్కతో చేతులు తుడుచుకుంటూ జాగ్రత్తలు చెబుతున్నాడు. తీగ లేదు కాబట్టి ఆపాలంటే బానెట్టు ఎత్తి మీటను వేలితో పట్టుకోవాలి, సాయంత్రం కొత్త తీగ వేద్దాం. ఆ తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, కొండదారి ఆఖరి మలుపులో బండి ఊపిరి ఎగబీలుస్తుందా అని అడిగాడు.

"నువ్వు చెబితే వినడమే కదా. నేనెప్పుడూ పైకి రాలేదు," అన్నాడు ఆయనే.

నా చెయ్యి గేరు మీద ఆగిపోయింది. ఈ లారీ కొన్న కొత్తలో, దాని వీపున ఈ ట్యాంకు నిలబడేలా బిగించడానికి ఆయన పది రోజులు పడుకోకుండా పనిచేశాడు. మొదటి ట్రిప్పుకు నిన్ను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్తాను బాబాయ్ అన్నాను. ఆ రోజు సీటు నిండా పైపులు సర్దుకున్నాను. మర్నాడు తీసుకెళ్దామనుకున్నాను. ఆ మర్నాడు రాలేదు. ఆయన ఒక్కసారి కూడా గుర్తుచెయ్యలేదు. పన్నెండేళ్లుగా ఆయన చేతిపని రోజూ కొండెక్కుతోంది, అది ఎక్కడికి వెళ్తుందో ఆయన చూడలేదు.

దిగి, అటువైపు తలుపు తీసి, సీటు మీది పైపులు తీసి వెనక్కి విసిరేశాను.

"ఎక్కు బాబాయ్."

"ఇప్పుడెందుకురా, నా మోకాళ్లు..."

నా భార్య అప్పటికే ముక్కాలి పీట తెచ్చి మెట్టు కింద వేసింది. ఒక చెయ్యి ఆవిడ పట్టుకుంది, ఒక చెయ్యి నేను పట్టుకున్నాను.

దారి కొట్టుకుపోయిన చోట ఆరు చక్రాలూ బురద చిమ్ముతూ గట్టెక్కాయి. బాబాయి దారి చూడలేదు, కళ్లు మూసుకుని ఇంజిను విన్నాడు. ఆఖరి మలుపు తిరిగాకే కళ్లు తెరిచాడు. ఒంటిగంటకు ఇంకా పావుగంట ఉంది. వాకిట్లో జీపులు ఖాళీగానే ఉన్నాయి. మా చెల్లెలు చేత్తో డ్రైవర్లను పక్కకు తప్పుకోమంటూ ఎదురొచ్చింది.

బానెట్టు ఎత్తి మీట పట్టుకుని ఇంజిను ఆపింది ఆయనే. నేను పైపు తగిలించి తొట్టిలోకి నీళ్లు వదిలాను. వరండాలో ఒకావిడ బిడ్డను భుజాన వేసుకుని వచ్చి, నీళ్ల చప్పుడు విని మళ్లీ లోపలికి వెళ్లి, కట్టిన మూట విప్పుకోసాగింది. ఈయనెవరని బయటికొచ్చిన పెద్ద డాక్టరమ్మ అడిగింది. మొదటి ట్రిప్పుకే రావలసిన మనిషి, నా వల్ల ఆలస్యమైంది అని చెప్పాను.

ఆవిడ కుర్చీ తెప్పిస్తానంది. బాబాయి వద్దని, తొట్టి గోడ మీద చెయ్యి ఆనించి, నీళ్లు అంచుదాకా వచ్చేవరకూ చూస్తూ అక్కడే నిలబడ్డాడు.