నీలిమనిషి చివరి పేజీ

నేను ఒక బొమ్మల కథల పుస్తకాన్ని. మద్రాసులో ఒక అచ్చుయంత్రం నన్ను కని, తడి ఆరకముందే కట్టల్లోకి తోసేసింది. నాలో ఒక నీలిరంగు మనిషి ఉంటాడు. ఏ లోకం నుంచి వచ్చాడో తెలియదు, జనం మాత్రం చూడగానే రాళ్లు అందుకుంటారు. ఊరి మీదికి కొండంత ఇనుప యంత్రం వచ్చినప్పుడు దాని కడుపులో దూరి ఆపేది అతనే. కాపాడబోయేవాడికి ముందుగా నాలుగు తగిలించడం మనుషులకు అలవాటేమో!

చీరాలలో మస్తాన్ గారి అద్దె పుస్తకాల షాపులో నా చివరి పేజీ పోయింది. ఎవరు చింపారో నాకు తెలుసు గానీ చెప్పను. అలాంటి పుస్తకాలను మస్తాన్ గారు పారేసేవారు కాదు. రూళ్ల కాగితం మీద ముగింపు తనే రాసి, మైదా జిగురుతో అంటించేవారు. ఆయన దయవల్ల ఎన్ని డిటెక్టివ్ నవలల్లో హంతకులు మారిపోయారో లెక్కలేదు. నా నీలిమనిషికైతే ఊరంతా దండలేసి ఊరేగించింది.

ఒక మధ్యాహ్నం సుగుణ నన్ను అక్కడే స్టూలు మీద కూర్చుని చదివింది. చేతుల మీద, పెదవుల చుట్టూ తెల్లమచ్చలు. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో ఆమె లేచిన మిషన్‌ను తర్వాతి అమ్మాయి గుడ్డతో తుడిచి గానీ కూర్చునేది కాదు. బొల్లి అంటుకోదని మాస్టారు చెప్పినా వినలేదు. పరీక్షకు నెల రోజులుందనగా, రేపట్నుంచి మానేస్తున్నానని సుగుణ అప్పుడే మస్తాన్ గారితో చెప్పింది.

"ఈ ఊరేగింపు మీరు రాసిందే గదండీ?"

"నీకెట్టా తెలిసిందమ్మా?"

"జనం ఒక్క పేజీలో మారతారా? అసలేమైందో చెప్పండి."

మస్తాన్ గారికి అబద్ధం రాయడమే వచ్చు, ఆడటం రాదు. "సముద్రంలోకి నడిచెళ్లిపోయాడమ్మా. ఒక్కడే."

సుగుణ మళ్లీ నా చివరి పేజీ తెరిచింది. పైన ఫ్యాను మెల్లగా తిరుగుతోంది. నాలో ఎక్కడో అలల చప్పుడు మొదలైంది. నీలిమనిషి మోకాలిలోతు నీళ్లలో ఆగి, పోవాలో వద్దో చెప్పమన్నట్టు ఆమెవైపే చూస్తున్నాడు. నాకు భయం వేసింది. ఆమె కలం అడిగి తీసుకుని, ఊరేగింపును కొట్టేసి ఇలా రాసింది:

'మర్నాడు పొద్దున్నే అతను బిందె పట్టుకుని కుళాయి దగ్గర వరసలో నిలబడ్డాడు. ముందున్నవాళ్లు పక్కకు జరిగారు. అతను జరగలేదు.'

ఇప్పుడు నేను హైదరాబాదులో పాత పుస్తకాలు పోగుచేసే ఒకాయన బీరువాలో, ప్లాస్టిక్ కవరులో ఉన్నాను. చివరి పేజీ అసలుది కాదని ఆయన తెగ బాధపడుతుంటాడు. నేను మాత్రం కళ్లు మూసుకుంటే చీరాలకే పోతాను. పరీక్ష రాసి నేరుగా షాపుకొచ్చిన సుగుణ కనిపిస్తుంది.

"తుడవటం మానారా అమ్మా?" అని మస్తాన్ గారు అడుగుతారు.

"ఎక్కడండీ! రోజూ తుడుస్తానే ఉన్నారు. అక్కడ అన్నిట్లోకీ శుభ్రమైన మిషను నాదే."