పోతే మూడువేల ఏడువందల నలభై, వస్తే అరవై ఒకటి

ఆరున్నరకు ఫిర్దౌస్ గడప దిగుతుంది. బస్సు దొరికే రోడ్డు మీదికి చేరేసరికి ఏడున్నర. ఇదే సందులో వాళ్ల నాన్న కరీం బాషా బీడీ ముట్టించి బయల్దేరితే, అది సగం కాలేలోపు పాత పోస్టాఫీసు రోడ్డు మీద ఉంటాడు. మగాళ్లకు అంతే. ఆడాళ్లు బయటికి పోతుంటే మాత్రం ఆ సందు సాగుతుంది. ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ మామూలే, పట్టుమని రెండు నిమిషాలు కూడా పట్టదు.

వయసుతో పాటు సాగుడూ పెరుగుతుంది. ఎనిమిదో క్లాసులో ఫిర్దౌస్‌కి ఐదు నిమిషాలు పట్టేది, పదిలో పావుగంట, ఇప్పుడు ప్లస్ టూలో గంట. వాళ్లమ్మ ఆమినాబీకైతే సగం రోజు. పదకొండేళ్ల కిందట చెల్లెలి నిఖాకని బయల్దేరి, అందరూ చేతులు కడుక్కునే వేళకి చేరింది. ఆ సిగ్గుతో మళ్లీ గడప దిగలేదు.

దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. వన్ టౌన్లో ఒక వీధిలో కుళాయి రాదు, ఇంకో వీధిలో బట్టలారేస్తే హార్బరు నల్లదుమ్ము పడుతుంది, వీళ్ల సందు సాగుతుంది. ఎవరి ఖర్మ వాళ్లది!

జాగ్రఫీ సారు గంగాధరరావు ప్రాక్టికల్స్‌కి ఎవరి వీధిని వాళ్లు సర్వే చేసి మ్యాపు గీయమన్నాడు. ఫిర్దౌస్ స్కూలు టేపు తెచ్చింది. అక్క సబీనా గడప దగ్గర కొస పట్టుకుని, ఫిర్దౌస్ మేకులు పాతుకుంటూ పోయి, ఒక ఆదివారం తెల్లారిందగ్గర్నించి కొలిచారు. పోయేటప్పుడు మూడువేల ఏడువందల నలభై మీటర్లు. వచ్చేటప్పుడు అరవై ఒకటి. సారు రికార్డు చూసి కళ్లజోడు పైకి తోసుకున్నాడు.

"ఉత్తరం గుర్తేదమ్మా? మ్యాపంటే ముందు అదే కదా!" అని కసిరాడు. "కొలతలు రెండున్నాయి కాబట్టి బాణాలు రెండు పెట్టు. స్కేలు కూడా రెండు రాయి."

ముప్పైకి ఇరవై ఎనిమిది వేశాడు. మార్కులు బాగానే వచ్చాయి గానీ, తన బతుకుని అంకెల్లో చూసేసరికి పిల్ల రాబోయే ఏళ్లవి కూడా లెక్కేసుకుంది. వచ్చే ఏడు ఏడున్నర వేలవుతుంది. ఆ తర్వాత? అమ్మలా కిటికీ దగ్గర కూర్చోవడమే కదా.

అసలు భయం డెబ్భై మార్కుల థియరీ పరీక్ష. సెంటరు మద్దిలపాలెంలో. పదింటికి గేటు మూసేస్తారు. మామూలు రోజైతే గంట ముందు బయల్దేరితే సరిపోతుంది, కానీ ఆ సందు పరీక్షల్ని పసిగడుతుంది. ఆరేళ్ల కిందట సబీనా నర్సింగు ప్రవేశపరీక్షకి సూర్యుడు రాకముందే బయల్దేరింది. రోడ్డెక్కేసరికి మధ్యాహ్నం అజాన్ వినపడింది. హాల్‌టికెట్టు చింపేసి రెండు నిమిషాల్లో ఇంటికొచ్చేసింది. అప్పట్నుంచి చీరలకి ఫాల్స్ కుడుతోంది. ఆ రోజు మాటెత్తితే సూది పక్కన పెట్టి లేచిపోతుంది.

"ముందురోజే వెళ్లి సందు మొదట్లో అసిరమ్మత్త ఇంట్లో పడుకుంటాను అబ్బా," అని ఫిర్దౌస్ నాన్న కాళ్లావేళ్లా పడింది. అసిరమ్మది రోడ్డు మీద ఇడ్లీ కొట్టు, వెనకే ఇల్లు.

"ఆడపిల్ల పరాయింట్లో పడుకోడమేటి?" అన్నాడు కరీం బాషా. సూట్‌కేసుల జిప్పులు బాగుచేసి చేసి అలసిన మనిషి, గొంతు పెంచలేదు. "రాసుంటే చేరతావు. లేదంటే అక్క లేదా ఇంట్లో?"

ఆ మాటకి సబీనా తలెత్తలేదు. ఫిర్దౌస్‌కి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగి పుస్తకం తీసింది. ఆ పిల్లకి గట్టిగా చదివితే గాని ఎక్కదు.

"ఆవాసం అంటే మనుషులు పొయ్యి వెలిగించుకుని, తలదాచుకుని, కలిసుండే చోటు. అది స్థిరంగా ఉండవచ్చు, తాత్కాలికంగానూ ఉండవచ్చు..."

"ఆ ఆఖరిది మళ్లీ సదువు," అంది వంటింట్లోంచి ఆమినాబీ.

చదివింది.

"తాత్కాలికం అంటే ఏటే?"

"గొర్రెల్ని తోలుకుని తిరిగేవాళ్లుంటారు కదమ్మీ, వాళ్లెక్కడ దిగితే అక్కడే ఇల్లు."

"దాన్ని కూడా ఇల్లనే అంటారా మీ సారు?"

"పుస్తకంలోనే ఉంది. ఐదు మార్కులు."

పరీక్షకి ముందురోజు మధ్యాహ్నం నమాజ్ అయ్యాక ఆమినాబీ గిన్నెలు తోమింది. కిరసనాయిలు స్టవ్వు సంచిలో పెట్టింది, అన్నం గిన్నె చంకన పెట్టుకుంది, బుర్ఖా దులిపి వేసుకుంది.

"అమ్మీ, ఎక్కడికి?" అంది సబీనా హడలిపోయి.

"ఇల్లు మారతన్నాను," అంది ఆమినాబీ. గడప దిగింది.

సాయంత్రం అజాన్ దాకా సందులో ఆమె వీపు కనబడుతూనే ఉంది. నడుస్తోంది, ఆగి స్టవ్వు చెయ్యి మార్చుకుంటోంది, మళ్లీ నడుస్తోంది. దీపాలు పెట్టే వేళకి రోడ్డు చేరింది.

"ఓలమ్మో! బీబీ! ఇన్నాళ్లకి దారి దొరికిందేటి?" అని అసిరమ్మ గరిటె పట్టుకునే ఎదురొచ్చింది.

"కాళ్లు మండిపోతన్నాయే అసిరమ్మా. ముందు నీళ్లియ్యి. నీ అరుగు మీద నా స్టవ్వు పెట్టుకోనీ."

"పెట్టుకో తల్లీ. నాను కాదంతానా?"

కొట్టు కట్టేసి వస్తున్న కరీం బాషా భార్యని రోడ్డు మీద చూసి కొయ్యబారిపోయాడు.

"ఇక్కడేటి సేత్తన్నావ్?"

"పరీక్షలయ్యేదాకా ఇల్లిక్కడే."

ఆయన సందులోకి చూశాడు. పొంగుతున్న గిన్నె వైపు చూశాడు. పొద్దున్నించి తిన్నది లేదేమో, చెప్పులు విప్పి అరుగెక్కాడు. తిన్నాక పిల్లలకి గిన్నెలో అన్నం పట్టుకుపోతుంటే ఆమినాబీ వెనక్కి పిలిచింది.

"రేపు తొమ్మిదింటికి బయల్దేరమను. ఇంటికి రావడానికి అంత ముందుగా ఎందుకు?"

తొమ్మిదింటికా! ఫిర్దౌస్‌కి ఆ పొద్దున ఒక్కో నిమిషం ఒక్కో గండం. తొమ్మిది కొట్టగానే దిగింది. నాలుగడుగులు వేసిందో లేదో సందు సాగడం మొదలెట్టింది. రోడ్డు మీది ఆటోలు చిన్నవైపోయాయి. అయిపోయింది, నా చదువు అయిపోయింది అనుకుంది.

"ఫిర్దౌస్! ఇంటికి రా! ఉప్మా సల్లారిపోతంది!"

అమ్మ గొంతు. ఫిర్దౌస్ తల దించుకుని, స్కూలు నుంచి ఆకలేసి ఇంటికి పరిగెత్తినట్టు పరిగెత్తింది. తలెత్తేసరికి అసిరమ్మ అరుగు మోకాలికి తగిలింది.

గడప మీద సబీనా నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"నీకు ఏరే సెప్పాలా? నువ్వూ రా ఇంటికి!" అని అరిచింది ఆమినాబీ.

సబీనా చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేసింది. రోడ్డంచున నిలబడి, ఆరేళ్ల ఏడుపు అక్కడే ఏడ్చింది. ఆమినాబీ దాన్ని దగ్గరికి తీసుకుంది గానీ ఊరుకోమనలేదు.

ఫిర్దౌస్ రెండు ముద్దలు నోట్లో కుక్కుకుని బస్సెక్కింది. గేటు మూయడానికి పది నిమిషాల ముందే తన నంబరున్న బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం రెండున్నరకి తిరిగొచ్చి బస్సు దిగేసరికి, నాన్న అరుగు మీద కంచం ముందేసుకుని ఉన్నాడు.

"ఎలా రాశావ్?" అన్నాడు తలెత్తకుండానే.

"అన్నీ రాశాను అబ్బా."

ఆయన జరిగి చోటిచ్చాడు.

ఆమినాబీ అవతలివైపు వెళ్లిపోతున్న ఇంకో బస్సునే చూస్తోంది.

"అది ఎందాక పోద్దే?"

"మద్దిలపాలెం దాకా అమ్మీ."

ఆమె స్టవ్వుని చేత్తో ఎత్తి బరువు చూసింది.

"సబీనా, ఆ నర్సింగు పరీక్ష మళ్లీ ఎప్పుడో కనుక్కో," అంది. "అదెక్కడ పెడితే, ముందురోజు నాను ఆ ఊరెళ్లి వంట మొదలెడతాను."