నూట ఒకటో పెట్టె

ఏటా డిసెంబరు చివర్లో, సెలవులు మొదలవగానే, ఆ ఊరి సేవాసంఘం వాళ్ళు హాల్లో బల్లలు వరసగా జరిపి పెట్టెలు కట్టేవాళ్ళు. సరిగ్గా వంద. ఏ వంద ఇళ్ళకి ఇవ్వాలో జాబితా నెల ముందే తయారయ్యేది. ఒకరు పిండి పొట్లం వేస్తే పక్కవాళ్ళు సబ్బులు, ఆ పక్కవాళ్ళు బిస్కెట్లు, ఆపైన ఒక దుప్పటి. చిట్టచివర్న పోస్టమ్మ తాడు కట్టేది. ముప్పై ఒక్క ఏళ్ళు ఉత్తరాలు పంచి, ఈ ఏడు వేసవిలోనే రిటైరైన మనిషి. ఆవిడ ముడి వేసిందంటే విప్పడానికి కత్తి కావాల్సిందే.

అన్నీ కట్టాక లెక్కపెడితే నూట ఒకటి తేలేవి. తెచ్చిన అట్టపెట్టెలు వంద, కొన్న దుప్పట్లు వంద, అయినా నూట ఒకటి. ఇది తొమ్మిదో ఏడు. దీని గురించి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. వానొస్తే గొడుగు తీసినట్టు, అదనపు పెట్టె రాగానే టీ పెట్టేవాళ్ళు. పని చేసిన వాళ్ళంతా చుట్టూ చేరి దాన్ని విప్పి, అందులో బిస్కెట్లు తినేసి, మిగతావి చీట్లేసి పంచుకుని, ఒక ఫొటో దిగి గోడకి తగిలించేవాళ్ళు. ఏడాదంతా ఇతరులకి పెడతాం, ఈ ఒక్క పూటా మనం తింటే తప్పేముందిలే అని వాళ్ళ ధీమా.

అందరికంటే ఎక్కువ నవ్వేది పోస్టమ్మే. ఆవిడ ఈ సంఘంలో చేరింది నవ్వడానికే మరి. తొమ్మిదేళ్ళ కిందట మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు, పక్క పట్నంలో ఉండి కూడా, తండ్రి ఆఖరిచూపుకి రాలేదు. తర్వాత ఫోను చేస్తే పోస్టమ్మ ఆ గొంతు విని టక్కున పెట్టేసింది. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆ ఏడాది చివర్నించి కూతురు ఏటా ఒక ఉత్తరం రాసింది. ఊరందరి ఉత్తరాలూ గుమ్మం గుమ్మానికీ చేర్చిన మనిషి, తన పేరున వచ్చిన దాన్ని మాత్రం విప్పకుండా, ‘తీసుకోలేదు’ అని తన చేత్తోనే రాసి తిప్పి పంపేది.

ఈ ఏడు ఉత్తరం వారం కిందటే వచ్చింది. కొత్త పోస్టుమాను గుమ్మంలో నిలబడి నసిగాడు.

“అమ్మగారూ, వెనకాల ఏదో రాసుంది, ఒక్కసారి చూడండి.”

చూసింది. ‘నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేస్తున్నాం. ఇక ఈ చిరునామాలో ఉండం. ఇదే ఆఖరి ఉత్తరం.’

“వెనక్కి పంపెయ్ నాయనా,” అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు గానీ, మాట మాత్రం మార్చుకోలేదు. ఇవాళ్టికి నెలాఖరు ఇంకా రెండు రోజులుంది.

సరే, ఈ ఏడూ నూట ఒకటి తేలాయి, టీ వచ్చింది. సంఘానికి అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. ఆయన కత్తితో తాడు కోసి, పెట్టె మూత తీసి, ముందుగా ఒక బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు. బేకరీ ఆవిడ అడుక్కంటా చెయ్యి పెట్టి ఒక జత బూట్లు పైకి తీసింది. చిన్న ఆడపిల్ల బూట్లు, ఎర్రవి.

“ఏంటో వదినా, ఏటా ఇందులో పిల్లల సామానే!” అంది పోస్టమ్మతో. “మొదటి ఏడు నీ చేతికొచ్చిన బుల్లి టోపీ మా మనవరాలికే పెట్టాం, గుర్తుందా? తర్వాత గిలక్కాయ. ఆ పైన చెంచా, రెయిన్‌కోటు, రంగు పెన్సిళ్ళు, స్కూలు సంచీ... పెట్టెక్కూడా వయసొస్తోందే!”

అందరూ పకపకా నవ్వారు.

“ఇంతా చేసి జత కుదర్లేదు చూడు,” అని బేకరీ ఆవిడ బూట్లు తిరగేసింది. “ఎడమది ఒక సైజు పెద్దది.”

పోస్టమ్మ చేతిలో టీ కప్పు కింద పడి భళ్ళున పగిలింది.

ఆవిడ మొగుడికి ఎడం పాదం పెద్దది. కూతురికీ అంతే. ఆ ఇంట్లో ఎవరికి చెప్పులు కొన్నా రెండు జతలు కొని, ఒక జతలోంచి ఎడమదీ, ఇంకో జతలోంచి కుడిదీ తీసుకునేవాళ్ళు. షాపువాడు వీళ్ళని చూడగానే, “రెండు జతల వాళ్ళొచ్చారు,” అని కేకేసేవాడు.

ఆవిడ కాళ్ళీడ్చుకుంటూ గోడ దగ్గరికెళ్ళింది. మొదటి ఫొటోలో తనే, రెండు వేళ్ళ మీద ఊలు టోపీ గిర్రున తిప్పుతూ, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది. రెండో దాంట్లో గిలక్కాయ. ఆ పక్కన రెయిన్‌కోటు. ఆ రెయిన్‌కోటుని చివరికి డాక్టరుగారి కుక్కకి తొడిగారు. మొదటి ఉత్తరం వచ్చిన ఏడాదే మొదటి పెట్టె. తొమ్మిది ఉత్తరాలు, తొమ్మిది పెట్టెలు.

“నాకో మనవరాలుంది,” అంది గోడవైపే చూస్తూ. “దాని పెట్టెలు మనం తినేశాం.”

డాక్టరు నోట్లో ఉన్న బిస్కెట్టు మింగాలో ఉమ్మాలో తెలియక అలాగే బుగ్గన పెట్టుకుని నిలబడిపోయాడు. బేకరీ ఆవిడ బూట్లని వేడి గిన్నె వదిలినట్టు బల్ల మీద పెట్టేసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తొమ్మిదేళ్ళు! పసిపిల్ల నోటికాడిది లాక్కుని, పైగా ఫొటోలు దిగారు. ఏటా పేదలకి పంచుతున్నామని పొంగిపోయిన వాళ్ళంతా ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోలేకపోయారు.

“చిరునామా తెలుసా?” అన్నాడు డాక్టరు.

“పోస్టమ్మని అడిగే మాటేనా అది?” అంది ఆవిడ. “పద్దెనిమిది కిలోమీటర్లు. వంతెన దాటగానే. కానీ డాక్టరుగారూ, నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?”

“ఉన్న మొహమే పెట్టుకుని వెళ్ళండి. పెట్టెలు పంచే వ్యానులో మీ పెట్టే ముందు ఎక్కుతుంది. ఆ దారిన ముప్పై ఇళ్ళు మనవే ఉన్నాయి.”

బేకరీ ఆవిడ తిన్న బిస్కెట్ల బదులు తన సంచిలోంచి కేకు తీసి పెట్టెలో పెట్టింది. పోస్టమ్మ తాడు కట్టబోయింది. ముప్పై ఒక్క ఏళ్ళ ముడి ఆ పూట కుదరనే లేదు. ఊరికే చుట్టి పట్టుకుంది.

వంతెన అవతల, మూడో అంతస్తు. తలుపు కొట్టగానే ఎనిమిదేళ్ళ పిల్ల తీసింది. వట్టి కాళ్ళతో ఉంది. పోస్టమ్మ ముందు మొహం చూడలేదు, పాదాలు చూసింది. ఎడమది పెద్దది.

“అమ్మా, ఎవరో పెట్టె తెచ్చారు!”

లోపల్నించి కూతురొచ్చింది. ఆమె వెనక గదినిండా కట్టేసిన సామాన్లు, అట్టపెట్టెలు. తల్లిని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏంటిది?” అంది.

“పాపకి,” అని పోస్టమ్మ పెట్టె గడపలో దించింది.

“పాప ఉందని నీకెవరు చెప్పారు?”

“పెట్టె చెప్పింది.”

కూతురు దానికేమీ ఆశ్చర్యపోలేదు. ఆశ్చర్యమంతా తల్లి రావడం గురించే. పెదవులు బిగించి, “తీసుకోను,” అంది. “ఆ మాట నీ దగ్గరే నేర్చుకున్నా. తొమ్మిదిసార్లు, నీ చేతిరాతతో.”

తీసుకోనన్న పార్సిలుని తిప్పి తీసుకుపోవాలి, అది రూలు. పోస్టమ్మ వంగి పెట్టె అందుకోబోయింది. ఈలోగా వదులు తాడు ఊడదీసి, పిల్ల బూట్లు తొడిగేసుకుని గదిలో గంతులేస్తోంది.

“అమ్మా! ఎడమది కూడా సరిపోయిందే!”

కూతురు పాప కాళ్ళకేసి చూసింది.

“విప్పాక తిప్పి పంపకూడదమ్మా,” అంది పోస్టమ్మ మెల్లగా. “పోస్టాఫీసు రూలు.”

“అలాగా.” కూతురు విసురుగా లోపలికెళ్ళి ఒక రేకుడబ్బా తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది. “అయితే ఇవీ విప్పు. ఒకటీ వదలకుండా.”

పోస్టమ్మ గడపలోనే కూలబడి మొదటి కవరు చింపింది.

‘అమ్మా, నాన్న పోయిన రోజు నేను ఆసుపత్రిలో ఉన్నాను. నెల తప్పిన సంగతి మీకింకా చెప్పలేదు, మంచం దిగితే బిడ్డ దక్కదన్నారు. ఆ సంగతి చెప్పడానికే ఫోను చేశాను, పెట్టేశావు. పాప పుట్టింది. అచ్చం నాన్న పాదాలే. ఒక్కసారి వచ్చి చూసి వెళ్ళు, మళ్ళీ రమ్మని అడగను.’

“అయ్యో, అయ్యో,” అని తల బాదుకుంది పోస్టమ్మ. కింద వ్యాను హారన్ మోగింది. అది విని కూతురు, “వెళ్తావా?” అంది.

“ఇంకా ఎనిమిదున్నాయి.”

చదివింది. మొదటి పన్ను, మొదటి జ్వరం, బడి, వదిలేసి వెళ్ళిపోయిన అల్లుడు. ఆఖరిదాంట్లో రెండే ముక్కలు: ‘ఇల్లుగలవాళ్ళు పొమ్మన్నారు. ఎక్కడికెళ్ళాలో ఇంకా తెలీదు.’

పోస్టమ్మ కళ్ళు తుడుచుకుని లేచింది. గదిలో అట్టపెట్టెలన్నిటినీ ఒకసారి తిప్పి చూసింది. ఒక్కదాని మీదా చిరునామా లేదు. ఎప్పుడూ జేబులో ఉండే నల్ల పెన్ను తీసి, మొదటి పెట్టె ముందు గొంతుక్కూర్చుని తన ఇంటి నంబరు రాసింది. అంకె వంకర పోతే, దాన్నే మళ్ళీ దిద్దింది.

“ఇదెవరి ఇల్లు?” అంది పాప, బూట్లతో పక్కకొచ్చి నిలబడి.

కూతురు వద్దనలేదు, సరేననలేదు. తల్లి రెండో పెట్టె దగ్గరికి జరుగుతుంటే వంగి, కింద పడిన పెన్ను మూత తీసి పట్టుకుంది.

“మనదే,” అంది కూతురు.